చేతుల టోర్మడ్, ఆదివారం పడవ

మా హల్లసే దీవిలో ముగ్గురు టోర్మడ్‌లు ఉన్నారు. గొర్రెల టోర్మడ్, చెవిటి టోర్మడ్, చేతుల టోర్మడ్. చెవిటి టోర్మడ్‌కి చెవుడేమీ లేదు. వాళ్ళ తాతకి ఉండేది, పేరు పొలంతో పాటు మనవడికి దక్కింది. చేతుల టోర్మడ్ మా పిన్ని కొడుకు. వాడి పేరు మాత్రం వాడు సొంతంగా సంపాదించుకున్నదే.

నేను డోలినాని. రేవు పక్కన దుకాణం నాది. పోస్టాఫీసూ అందులోనే, ఊరి ఫోనూ నా కౌంటరు మీదే. నాకు తెలియకుండా ఈ దీవిలో కోడి గుడ్డు పెట్టదని వెక్కిరిస్తారు. వెక్కిరించినవాళ్ళే మళ్ళీ వచ్చి ఫలానా సంగతి ఏమైందని అడుగుతారు. కాబట్టి టోర్మడ్ సంగతి నేను కాక ఇంకెవరు చెప్పినా నమ్మకండి.

వాడు మీసాలు రాకముందే గ్లాస్గో పోయి గుర్రప్పందేల మైదానంలో పనికి కుదిరాడు. పందెం కట్టించుకునేవాళ్ళు మైదానమంతా చెల్లాచెదురుగా నిలబడతారు. ఏ గుర్రం మీద ఒకటి పెడితే ఎంత వస్తుందన్నది, అంటే దాని ధర, గడియకోలా మారుతుంది. అరిచి చెబుదామంటే ఆ గోలలో వినపడదు. అందుకని ఒక మనిషి పెట్టె ఎక్కి, తెల్ల గ్లవ్స్ తొడుక్కుని, చేతులతో చెబుతాడు. మణికట్టు ముట్టుకుంటే ఒక ధర, చెవి ముట్టుకుంటే ఒకటి, భుజం ముట్టుకుంటే ఇంకొకటి. మా వాడి ఉద్యోగం అదే. జీవితమంతా ఆ పెట్టె మీద నిలబడి ఒళ్ళు తడుముకుని జీతం తీసుకున్నాడు. మా పిన్ని మాత్రం కొడుకు రైల్వేలో ఉన్నాడని చెప్పుకుని చనిపోయింది.

అరవై దాటాక తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే రెండు పనులు చేశాడు. రూయాగ్ అనే ఎర్రావుని కొన్నాడు. ఎదుటి ఒడ్డున హోటల్లో వంట చేసే ఎఫీని పెళ్ళి చేసుకున్నాడు. ఏదో ఒకటి చేసి ఊరుకుంటే సరిపోయేది.

ఎఫీకి ఆదివారం ఒక్కటే సెలవు. మా దీవికి ఆదివారం పడవ లేదు. శనివారం ఆఖరి పడవ బయల్దేరే వేళకి ఆవిడ ఇంకా చేపలు వేయిస్తూ ఉంటుంది. పోనీ వీడే శనివారం వెళ్ళి సోమవారం దాకా ఉందామంటే, హోటల్లో పనివాళ్ళ గదులు ఆడవాళ్ళకి మాత్రమే. పైగా రూయాగ్‌ని రెండు పూటలా పిండాలి. అది వీడు తప్ప ఎవరు దగ్గరికెళ్ళినా తంతుంది. నన్నూ తన్నింది. వారం మధ్యలో వెళితే వంటింటి కిటికీ దగ్గర నిలబడి మాట్లాడాలి, మేనేజరు వెనకనించి దగ్గుతూ ఉంటాడు. ఉద్యోగం మానేద్దామంటే ఎఫీకి పింఛను రావడానికి ఇంకా నాలుగేళ్ళు ఉంది. సొంతంగా పడవ వేసుకుని వెళ్ళాలంటే, దీవిలో పుట్టి తెడ్డు పట్టడం రాని మగాడు వాడొక్కడే. వచ్చినా లాభం లేదు. ఆదివారం దేవుడి విశ్రాంతి దినం, ఆ రోజు మేం తడి బట్టలు కూడా ఆరేయం. ఇక పడవ దించినవాడిని ఊరు బతకనిస్తుందా.

అంచేత కొత్త పెళ్ళికొడుకు ఆదివారం ఆరాధన అయ్యాక గుట్ట ఎక్కేవాడు. జేబులోంచి తెల్ల గ్లవ్స్ తీసి తొడుక్కునేవాడు. అటు ఒడ్డున హోటలు ముందు, సీల్ అనే సముద్ర జంతువుల్ని చూడ్డానికి టూరిస్టుల కోసం పెట్టిన దుర్భిణి ఉంది. ఎఫీ అందులోంచి చూసేది. మధ్యలో రెండు మైళ్ళ నీళ్ళు. వీడు చెవి, భుజం, మణికట్టు ముట్టుకునేవాడు. ఆవిడ బల్లమీద పరిచే తెల్లగుడ్డ ఊపేది.

"ఏం చెబుతావురా ఆవిడకి అంత సేపు?" అని ఒకసారి అడిగాను.

"మూడో పందెంలో నల్ల గుర్రానికి ఏడుకి నాలుగు అని."

"ఆవిడకి అర్థమవుతుందా?"

"అర్థం కావడానికి ఏముందక్కా అందులో. చూస్తోంది కదా, చాలు."

ఇలా ఉండగా పడవ కంపెనీవాళ్ళు ఒక చీటీ పంపించారు. ఆదివారం కూడా పడవ నడపాలా వద్దా అన్నది ఊరివాళ్ళే ఓటేసి తేల్చుకోండి, మెజారిటీ ఏదంటే అదే చేస్తాం అని. పదిహేను రోజుల్లో గురువారం నాడు బడిలో ఓటింగు. దానితో మా దీవికి పిచ్చెక్కింది. పైకి మాత్రం ఎవరికీ ఎక్కలేదు.

మా ఊళ్ళో మనిషి నోటితో చెప్పేది వేరు, కడుపులో ఉన్నది వేరు. ఇది అబద్ధాలాడటం కాదు, మర్యాద. నా మరిది హెక్టర్ చర్చి సంఘపెద్ద. అవతలి ఒడ్డున ఆదివారం ఫుట్‌బాల్ ఆటలు జరుగుతాయి. వాటి ఫలితాలు సోమవారం పేపర్లో చదివి వాడు కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. అలాంటివాడు రేవులో నిలబడి, "విశ్రాంతి దినాన పడవ కదిలితే ఆ పడవ తిన్నగా నరకానికే" అని చెప్పాడు. విన్నవాళ్ళందరూ ఆమెన్ అన్నారు. వాళ్ళలో సగం మంది కూతుళ్ళు అవతల ఒడ్డున కాపురాలు చేస్తున్నారు.

నా సంగతంటారా, నాకు పడవ వద్దు. భక్తి కాదు. ఆదివారం పడవ వస్తే దుకాణం తెరవాలి, వారానికి ఒక్క రోజైనా నేను నడుం వాల్చొద్దా. ఆ మాట టోర్మడ్ మొహం మీదే చెప్పాను.

"నువ్వొక్కదానివే నిజం చెప్పావక్కా" అన్నాడు వాడు. కోపం కూడా రాలేదు వాడికి.

అప్పుడు ఎడిన్‌బరో నుంచి ఫిలిప్పా అనే పిల్ల దిగింది. జనాభిప్రాయం లెక్కలు కట్టే ఆఫీసులో పనట. మంచి పిల్లే. వానకోటు మాత్రం మా వానకి చాలేది కాదు. ఎక్కడ కూర్చుని అడగాలో తెలియక నా దుకాణంలో కౌంటరు పక్కన కూర్చుంది. సరుకులకి వచ్చిన ప్రతి మనిషినీ అడగడం, వెనక వరసలో నిలబడ్డ ఇరవై చెవులు వినడం. ఇంతకంటే రేవులో మైకు పెట్టి అడిగినా గుట్టుగానే ఉండేది.

"ఆదివారం పడవకి మీ ఓటు ఎటండీ?"

"వద్దు" అన్నాడు హెక్టర్. వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా ఇంకోసారి అన్నాడు.

"మరి ఎవరు గెలుస్తారనుకుంటున్నారు?"

హెక్టర్ గొంతు తగ్గించాడు. "ఊరు చెడిపోయిందమ్మా. కావాలి అనేవాళ్ళే గెలుస్తారు."

తర్వాతి మనిషీ అదే చెప్పాడు. ఆ తర్వాతి ఆవిడా అదే. సాయంత్రానికి ఫిలిప్పా తల పట్టుకుంది.

"డోలినా గారూ, నాకేం అర్థం కావట్లేదు. అందరూ మేం వద్దనే వేస్తామంటున్నారు. అందరూ కావాలే గెలుస్తుందంటున్నారు. మరి కావాలి అని వేసేవాళ్ళు ఎక్కడున్నారండీ?"

"పక్కింట్లో ఉంటారమ్మా" అన్నాను. "ఎవర్నడిగినా పక్కింట్లోనే ఉంటారు. టీ తాగు."

టోర్మడ్‌ని కూడా అడిగింది. వాడు, "నేను కావాలి అని వేస్తాను. నా పెళ్ళాం అవతలుంది" అన్నాడు. వరస మొత్తం ఒక్కసారి దగ్గింది. ఫిలిప్పా పాపం ఆ ఒక్క జవాబుని ఏదో పొరపాటనుకుని రెండుసార్లు సరిచూసుకుంది.

ఆ వారమే పందెం మొదలైంది. మొదలుపెట్టింది టోర్మడ్ కాదు. హెక్టర్ వాడి ఇంటికి వెళ్ళి, నేలచూపులు చూస్తూ, "ఊరికే అడుగుతున్నా. గ్లాస్గోలో అయితే ఇలాంటివాటి మీద ధర ఎలా కడతారు?" అన్నాడట. జనమంతా వద్దంటున్నారు కాబట్టి, కావాలి గెలుస్తుందని ఒకటి పెడితే ఐదు రావాలి అన్నాడు వీడు, అలవాటు కొద్దీ. హెక్టర్ అదే రాత్రి రెండు బస్తాల బంగాళాదుంపలు మోసుకొచ్చి వాడి గుమ్మంలో దించాడు.

మాకు జూదం పాపం. కానీ డబ్బు పెడితేనే జూదం. బంగాళాదుంపలు పెడితే ఇరుగుపొరుగు ఇచ్చిపుచ్చుకోవడం. దీని మీద సంఘపెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు కూడా. ఉన్ని సాక్సులు పరవాలేదన్నారు. పొట్టేలు దగ్గర మాత్రం ఏకాభిప్రాయం కుదరలేదు.

ఇక చూడండి. పడవ కావాలనుకునేవాళ్ళు కావాలి మీదే పెట్టారు, వాళ్ళ మనసు వాళ్ళకి తెలుసు కాబట్టి. విచిత్రం ఏమిటంటే నిజంగా వద్దనుకునేవాళ్ళు కూడా కావాలి మీదే పెట్టారు. గొర్రెల టోర్మడ్ భార్య మర్డినాని అడిగాను, నువ్వు అంత భక్తురాలివి, నీకేం వచ్చిందని.

"వద్దు గెలిస్తే దేవుడు గెలిచినట్టు, నాకింకేం కావాలి వదినా. ఖర్మకాలి కావాలి గెలిస్తే, కనీసం దుంపలైనా మిగుల్తాయి కదా."

ఆ మాట నాకు నచ్చింది. నేనూ వెళ్ళి డజను గుడ్లు పెట్టొచ్చాను.

వద్దు మీద పెట్టినవాడు ఒక్కడూ లేడు. అందరూ ఒకే వైపు పెడుతుంటే ధర తగ్గించక తప్పదు, అది రోజురోజుకీ పడిపోయింది. ఐదు కాస్తా మూడైంది, మూడు కాస్తా అర అయింది, చివరికి పది బస్తాలు పెడితే ఒక్క బస్తా లాభం అనే దాకా వచ్చింది. ఈ ధరల సంగతి టోర్మడ్‌ని రోడ్డు మీద అడిగితే అప్రతిష్ట. అందుకని వాడు గుడిలో రోజూ సాయంత్రం ప్రార్థనప్పుడు చెప్పేవాడు. ముందు వరస చివర కూర్చుని, కీర్తన పాడేటప్పుడు భుజం తడుముకునేవాడు, చెవి లాక్కునేవాడు. ఊరంతా పుస్తకం మీంచి ఒక కన్నెత్తి చూసేది. చూడ్డం పాపం కాదు కదా. మర్డినా ఒక్కదానికి ఈ సంకేతాల సంగతి తెలియదు. పాపం ఒళ్ళంతా దురదేమో అని గొర్రెలకి రాసే మందు డబ్బా ఇచ్చింది వాడికి.

ఓటుకి ముందు ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల ఆరాధన ఆరుబయట పెట్టారు. గాలి లేదు. గాలి లేకపోతే మా దగ్గర మిడ్జి పురుగులు దిగుతాయి, కంటికి కనపడవు గానీ మనిషిని నిలువునా పీక్కుతింటాయి. మా పాస్టరు గారు ప్రసంగం మధ్యలో ఉండగా దిగాయి. టోర్మడ్ రెండు చేతులతో చెవులూ మెడా నెత్తీ మణికట్టూ టపటపా బాదుకున్నాడు. జనం నోళ్ళు తెరిచి చూశారు. అన్ని ధరలు ఒకేసారి ఎప్పుడూ చూడలేదు మరి. సోమవారం తెల్లారేసరికి, కావాలి గెలుపు ఖాయమైపోయిందట, టోర్మడ్‌కి ఏదో తెలిసిందట అని, మిగిలిన దుంపలు కూడా వాడి గుమ్మం చేరాయి. తలుపు తెరుచుకోక వాడు కిటికీలోంచి దిగుతున్నాడు.

మంగళవారం అవతలి ఒడ్డు పేపర్లో పడింది. ఒక పక్కన ఫిలిప్పా లెక్క: వద్దు, తిరుగులేని మెజారిటీ. దాని పక్కనే పందెం ధర: కావాలి, తిరుగులేని గెలుపు. కింద ఎవరో పెద్దమనిషి రాశాడు, నోరు అబద్ధమాడుతుంది గానీ పెట్టుబడి పెట్టిన చెయ్యి ఆడదు, కాబట్టి పందెమే నిజమని. పడవ కంపెనీవాళ్ళు అది చదివి ఆదివారం వేళల బోర్డు రాయించేశారు. మా పాస్టరు గారు రెవరెండ్ ఈనియస్ మాత్రం ఫిలిప్పా లెక్క వరకే చదివి పేపరు మడిచేశారు. ఆయన పందెం సంగతే నమ్మలేదు. మా వాళ్ళు వద్దన్నారంటే వద్దనే అర్థం అన్నారు. ఈ దీవిలో మమ్మల్ని నమ్మిన మనిషి ఆయనొక్కరే.

బుధవారం సాయంత్రం టోర్మడ్ నా దుకాణానికి వచ్చాడు. నవ్వుతున్నాడు గానీ ఆ నవ్వులో తిన్నగా లేదు ఏదో.

"ఒరేయ్, రేపు కావాలి గెలిస్తే నువ్వు ఎంతమందికి ఎన్ని బస్తాలివ్వాలో తెలుస్తోందా? మొదట్లో ఒకటికి ఐదు రాసుకున్నావు."

"తెలుసక్కా. ఇల్లూ పొలం కూడా చాలవు. రూయాగ్‌ని కూడా ఇచ్చేయాలి."

"మరి ఎందుకు తీసుకున్నావు బుద్ధిలేకుండా?"

"ఆవు పోతే ఎఫీ దగ్గరికి నేనే పోవచ్చు కదా" అన్నాడు. తర్వాత నవ్వడం మానేశాడు. "పందెం కట్టించుకునేవాడు ఏదీ గెలవాలని కోరుకోకూడదక్కా. ఇన్నేళ్ళూ ఏ గుర్రం గెలిచినా నాకేమీ కాలేదు. ఇదొక్కటి గెలవాలని ఉంది. దివాళా తీసైనా సరే. ఈ ఆదివారం ఆవిడ ఈ రేవులో దిగాలి."

రేపు నేను వద్దనే వేస్తానని వాడికీ తెలుసు. ఒక బిస్కెట్ల పొట్లం చేతిలో పెట్టి పంపించాను.

గురువారం ఊరంతా ఉతికిన బట్టలు కట్టుకుని బడికి వెళ్ళింది. సాయంత్రం ఓట్లు లెక్కపెట్టి హెక్టర్ బయటికొచ్చాడు.

"వద్దు, నూట తొంభై ఆరు" అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "కావాలి, రెండు."

గెలిచినవాళ్ళు ఓడిపోయినట్టు నిలబడ్డారు. కాసేపటికి హెక్టర్ నా వైపు చూశాడు. ఏడుపు ఒక్కటే తక్కువ.

"ఇదేమిటి వదినా. పందెంలో కావాలి ఖాయమని కదా."

"నువ్వు దేనికి వేశావు?"

"వద్దుకి. కావాలి ఎలాగూ గెలుస్తుంది కదా, నా చేత్తో నేను పాపం ఎందుకు చెయ్యాలి అనుకున్నా. అందరూ వేస్తారు, పడవ వస్తుంది, నేను మాత్రం దేవుడి ముందు శుభ్రంగా ఉంటాను, ఆదివారం ఆటకి వెళ్తాను అనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా" అన్నారు వెనకనించి ఎవరో. ఇంకెవరో కూడా అన్నారు. అవతల కూతుళ్ళున్న ఆడవాళ్ళు మెడగుడ్డలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఊరు మొత్తం ఊరి మీద భారం వేసి ఇంటికి పోయిందన్నమాట. ఫిలిప్పాకి మేం చెప్పిన అబద్ధం పొల్లుపోకుండా నిజమైంది. దేశంలో అంత సరిగ్గా అంచనా వేసిన పిల్ల ఇంకొకరు లేరని ఆ పిల్లకి ఆఫీసులో సన్మానం కూడా చేశారట.

టోర్మడ్ ఆ బడి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. దీవిలో ఉన్న దుంపలన్నీ, సాక్సులన్నీ, నా డజను గుడ్లూ వాడివే. ఒక్కరి మొహం వైపూ చూడలేదు. ఆవుని పిండే వేళైందని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నేను మళ్ళీ దుకాణం తెరవలేదు. గెలిచింది నా ఓటే మరి. గెలిస్తే ఇలా ఉంటుందని ఎవరు చెప్పారు.

రెండు ఓట్లలో ఒకటి వాడిది. రెండోది ఎవరిది? వారం తిరక్కుండా నలభై మంది విడివిడిగా వాడి కిటికీ దగ్గరికి వెళ్ళి, ఎవరికీ చెప్పకు టోర్మడ్, ఆ రెండోది నేనే, అని చెప్పొచ్చారు. హెక్టర్ రెండుసార్లు వెళ్ళాడు, మొదటిసారి చెప్పింది మర్చిపోయి. టోర్మడ్ అందరికీ థాంక్స్ చెప్పాడు. బస్తాలు తిరిగి తీసుకెళ్ళమంటే మాత్రం ఎవరూ తీసుకెళ్ళలేదు, తీసుకుంటే జూదమని ఒప్పుకున్నట్టవుతుంది కదా.

ఆ మరుసటి వారం, శనివారం సాయంత్రం నేను తలుపులు వేస్తుంటే పాస్టరు గారు వచ్చారు. నూనె కావాలన్నారు.

"వంటకా అయ్యగారూ?"

"కాదమ్మా, తెడ్లకి. కొక్కేల దగ్గర కీచుమంటున్నాయి. రేపు శబ్దం రాకూడదు."

నేను నూనె సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాను. రేపు ఆదివారం. ఆయన కౌంటరు మీద చెయ్యి వేసి కిందకి చూశారు.

"ఆ రెండో ఓటు నాది డోలినా."

"అయ్యగారూ..."

"పేపర్లో వద్దు ఎలాగూ గెలుస్తుందని ఉంది. నా జనం మాట మీద నాకు నమ్మకం. గెలిచేదానికి నా ఒక్క ఓటు లేకపోతే దేవుడికేం తక్కువ. ఆ కుర్రాడు ఒంటరిగా ఒక్క ఓటుతో మిగిలిపోతాడే, తోడు ఒకటి ఉండనీ అనుకున్నాను." అరవై ఏళ్ళు దాటినవాణ్ణి కుర్రాడు అన్నారు. "మీరంతా ఎలా వేశారో తర్వాత హెక్టర్ చెప్పాడు. వారం నుంచి నిద్ర లేదు నాకు. ఇంత భయస్తుల్ని తయారుచేసింది నేనే కదా."

నూనెకి డబ్బు తీసుకోలేదు.

"విశ్రాంతి దినాన పని చేయకూడదు, నిజమే" అన్నారు ఆయన సీసా జేబులో పెట్టుకుంటూ. "దయ, అవసరం, ఈ రెంటికీ మాత్రం చేయొచ్చు. మొన్నటి దాకా ప్రసంగంలో చెప్పానే గానీ, చేసి చూడలేదు."

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆరాధన అయ్యాక అయ్యగారు కోటు విప్పి, తన చిన్న పడవ నీళ్ళలోకి తోశారు. రెండు మైళ్ళు తెడ్డు వేసుకుంటూ వెళ్ళి ఎఫీని తీసుకొచ్చారు. సాయంత్రం ఆరాధన అయ్యాక మళ్ళీ దించొచ్చారు. ఎవరూ చూడలేదు. కిటికీ తెరల వెనక నిలబడి ఊరంతా ఎవరూ చూడలేదు. టోర్మడ్ రేవులో నిలబడి ఆవిడని దింపుకున్నాడు. ఇంటికి తీసుకెళ్ళి, తలుపుకి బస్తాలు అడ్డం ఉంటే, కొత్త పెళ్ళికూతుర్ని కిటికీలోంచి లోపలికి దించాడు.

ఇలా ప్రతి ఆదివారం. మూడో వారానికి అయ్యగారి చేతులు బొబ్బలెక్కి పుస్తకం పట్టుకోలేకపోయారు. అప్పుడు టోర్మడ్ తన తెల్ల గ్లవ్స్ ఇచ్చాడు. అయ్యగారు వాటితోనే ప్రసంగ వేదిక ఎక్కి నరకాగ్ని గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆయనకి చేతులు ఊపుతూ చెప్పే అలవాటు. ఆయన భుజం మీద చెయ్యేస్తే ఊరంతా ఏడుకి నాలుగు అనుకుంది, చెవి సవరించుకుంటే ఆరుకి నాలుగు అనుకుంది. నరకానికి అంత మంచి ధర ఉందని మాకు అప్పటిదాకా తెలియదు. హెక్టర్ నవ్వు ఆపుకోలేక దగ్గుతూ బయటికి పరిగెత్తాడు.

శరత్కాలంలో ఫిలిప్పా మళ్ళీ వచ్చింది. తన లెక్క అంత సరిగ్గా ఎలా వచ్చిందో తెలుసుకోవాలట, ఆఫీసులో పాఠంగా చెప్పాలట. శనివారం దిగింది, ఇక సోమవారం దాకా కదలడానికి లేదు. ఆదివారం మధ్యాహ్నం గుడి బయట, సముద్రానికి వీపు పెట్టి నిలబడి, ఆ కాస్త ఎండలో అందరినీ ఆపి అడగడం మొదలుపెట్టింది. మేమంతా ఆ పిల్లకి ఎదురుగా, అంటే సముద్రం వైపు తిరిగి నిలబడ్డాం.

"ఆ ఓటు తర్వాత ఆదివారం నాడు ఎవరైనా సముద్రం దాటారా అండీ? దొంగచాటుగానైనా?"

"లేదు" అన్నాడు హెక్టర్. ఫిలిప్పా భుజం మీంచి చూస్తున్నాడు. అక్కడ నీళ్ళ మధ్యలో అయ్యగారి పడవ నెమ్మదిగా ఇటు వస్తోంది. తెల్ల గ్లవ్స్ చేతులు ముందుకీ వెనక్కీ ఆడుతున్నాయి. వెనక చెక్క మీద ఎఫీ కూర్చుని తెల్లగుడ్డ ఊపుతోంది.

"మీరండీ?"

"నేనేం చూళ్ళేదమ్మా" అంది మర్డినా.

"మీరు?"

"లేదు." "లేదు." "అలాంటివి మా దగ్గర జరగవు." ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఒక్క గొంతూ తడబడలేదు. తెడ్ల చప్పుడు కూడా రావట్లేదు, నా నూనె మంచిది.

రేవులో టోర్మడ్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. గ్లవ్స్ లేవు, ఒట్టి చేతులే. చెవి ముట్టుకున్నాడు, భుజం ముట్టుకున్నాడు.

ఫిలిప్పా ఆఖరికి నా దగ్గరికి వచ్చింది. "డోలినా గారూ, మీరు నాకు నిజం చెప్తారు. ఏదైనా పడవ కనిపించిందా?"

"మా ఊళ్ళో ఆదివారం పడవ కదలదమ్మా" అన్నాను, పడవ వైపు చూస్తూనే. "అందరం ఒకే మాట చెప్పాం కదా. అలాగే రాసుకో."